పచ్చిక కింది పటం

దసరాకు ఊరికి వచ్చిన మా మేనల్లుడు చేతిలో జమ్మి పెట్టి, కాళ్లకు మొక్కి, పక్కన కూర్చున్నాడు. వాడు హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసే మిషను నడుపుతాడు. కాసేపటికి అడిగాడు: “మామా, ఆడ గుట్టలు, గుంటలు, ఇసుక తొట్లు అన్నీ ఎవరో కాగితం మీద గీసినయేనంట. గడ్డి భూమిని గీసుడు గూడ ఒక పనేనా? దానికి గూడ తాతల సంది చేసే ఇండ్లు ఉంటయా?”

చేర్యాలలో పెరిగినవాడికి రావలసిన అనుమానం కాదు. గుడ్డ మీద కథల పటాలు గీసే నకాశీ ఇళ్ల మధ్య తిరిగిన ఊరు మనది. తాత గీసిన ముక్కుతీరు మనవడి పటంలో కనిపిస్తే మనకు వింత కాదు. ధనాలకోట వైకుంఠం, భార్య వనజ, కొడుకులు రాకేశ్, వినయ్... ఇంటిల్లిపాదీ కుంచె పట్టిన కుటుంబం. గుడ్డ మీద బొమ్మకు ఇళ్లు ఉన్నట్టే నేల మీద పచ్చికకూ ఇళ్లు ఉన్నాయి. అందులో ఒక ఇంటివాళ్లు మన గచ్చిబౌలి దాకా వచ్చారు.

గచ్చిబౌలిలో రాళ్లగుట్టల నడుమ బౌల్డర్ హిల్స్ అనే 18 హోళ్ల కోర్సు ఉంది. దాన్ని గీసినాయన పీటర్ హరాడైన్. ఈ కుటుంబం తమ పనిని 1929 నుంచి లెక్కపెట్టుకుంటుంది. మొదలుపెట్టినాయన పేరు ఆల్బర్ట్ హాకీ. ఇంటిపేరు హాకీ, బతుకుదెరువు గోల్ఫ్. ఇది నేను కల్పించిన చమత్కారం కాదు. ఆయన సవతి కొడుకు డొనాల్డ్ హరాడైన్ 1911లో ఇంగ్లండ్‌లో పుట్టి, స్విట్జర్లండ్‌లో స్థిరపడి, యూరప్ పొడవునా కోర్సులు గీశాడు. ఏథెన్స్ పక్కన గ్లిఫాడాలోదీ, గ్రీసు దీవి కోర్ఫూలోదీ ఆయన గీసినవే. 1996లో పోయాడు. కొడుకు పీటర్ తండ్రి మంచుకొండలు దిగి ఎడారి దారి పట్టాడు. దోహా గోల్ఫ్ క్లబ్, అబూ ధాబీ గోల్ఫ్ క్లబ్ ఆయన గీతలు. సిరిసిల్ల, కరీంనగర్, సిద్దిపేట నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో అబూ ధాబీ క్లబ్బు డేగ ఆకారపు క్లబ్‌హౌస్‌ను దారిలో చూసినవాళ్లు ఉండే ఉంటారు. పీటర్ కొడుకు మైకేల్ కూడా ఇదే పనిలో ఉన్నాడు.

ఆల్ప్స్ మంచు, అరేబియా ఇసుక, దక్కన్ బండరాయి. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. అటువంటప్పుడు తండ్రి దగ్గర కొడుకు ఏం నేర్చుకున్నట్టు? మేనల్లుడి ప్రశ్నలో అసలు ముడి ఇక్కడ ఉంది. అది విప్పాలంటే ముందు ఆట గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

క్రికెట్ పిచ్ ఎక్కడైనా 22 గజాలే. కబడ్డీ కోర్టుకు సున్నం గీతల లెక్క ఉంది. గోల్ఫ్‌లో కొలత ఉన్నది గుంతకే, నేలకు కాదు. బంతి చివరికి పడాల్సిన గుంత అడ్డం 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగుంపావు అంగుళాలు. చిన్న చెంబు మూతంత. ఆ గుంత ఎంత దూరంలో ఉండాలి, దారి ఎటు వంగాలి, మధ్యలో ఇసుక ఉండాలా నీళ్లు ఉండాలా అన్నది ఏ నియమావళీ చెప్పదు. బంతి పెట్టి కొట్టే మొదటి చోటు టీ. అక్కడి నుంచి నున్నగా కోసిన దారి ఫెయిర్‌వే. దాని అంచుల్లో పెంచి వదిలిన గడ్డి రఫ్. దారిలో ఇసుక గుంటలు బంకర్లు. చివరన తివాచీలాంటి గ్రీన్, గుంత ఉండేది దాని మీదే. టీ నుంచి గుంత దాకా అంతా కలిపి ఒక హోల్. ఒక్కో గుంతకు మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో చేరాలో లెక్క ఉంటుంది: మూడు, నాలుగు లేదా ఐదు. దాన్ని పార్ అంటారు. 18 గుంతలకు కలిపి ఎక్కువ చోట్ల 72 గానీ ఆ దగ్గర గానీ వస్తుంది. పద్దెనిమిదే ఎందుకంటే పెద్ద శాస్త్రమేమీ లేదు. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ వాళ్లు 1764లో కొన్ని పొట్టి హోళ్లను కలిపేస్తే 22 కాస్తా 18 అయ్యాయి. లోకమంతా అదే పట్టుకుంది.

నేలకు కొలత లేదు కాబట్టే దాన్ని గీసే మనిషి కావాల్సి వచ్చాడు.

మొదట్లో ఆ పనికి కాగితమే లేదు. స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బలు, గొర్రెలు మేసిన గడ్డి; గొర్రెలు గాలికి దాక్కున్న పల్లాలే బంకర్లు అయ్యాయని చెప్పుకుంటారు. సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన ఓల్డ్ టామ్ మోరిస్ (1821–1908) చేతిలో గూటాలు పట్టుకుని నడుస్తూ ఇక్కడ టీ, అక్కడ గుంత అని పాతుకుంటూ పోయేవాడు. ఆయన కొడుకు యంగ్ టామ్ బ్రిటిష్ ఓపెన్ నాలుగుసార్లు గెలిచి 24 ఏళ్లకే, 1875లో, కన్నుమూశాడు. తండ్రి ఆ తర్వాత ముప్పై రెండేళ్లకు పైగా బతికి, మైదానాలు గీస్తూనే ఉన్నాడు.

ఇప్పటి పని అంత తేలిక కాదు. ఒక కోర్సుకు నూటపాతిక నుంచి నూటయాభై ఎకరాలు కావాలి. మన వైపు ఒక మోస్తరు చెరువు కింద ఆయకట్టు అంత అనుకోండి. ఆ నేల చేతికి రాగానే చేసే మొదటి పని హోళ్ల వరుస కుదర్చడం. పొద్దున్నే ఆడేవాడి కళ్లలో సూర్యుడు పడకుండా మొదటి హోల్ తూర్పుకు తిప్పరు, సాయంత్రం ముగిసే చివరి హోల్‌ను పడమటికి తిప్పరు. తొమ్మిది అయ్యేసరికి ఆటగాడు మళ్లీ క్లబ్బు దగ్గరికి వస్తే మంచిది. ఎత్తెక్కే హోల్ వెనక దిగే హోల్ ఉండాలి. మొదటిది కొంచెం మెత్తగా ఉండాలి, కాళ్లు చేతులు వేడెక్కకముందే బెదరగొట్టకూడదు. నకాశీ పటం తెలిసినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవున్న పటంలో మొదటి గడి వినాయకుడిది. తర్వాత గడి వెంట గడి కథ నడుస్తుంది. కథలు చెప్పే కూనపులి వాళ్లు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం విప్పినా, కాకిపడిగెల వాళ్లు ముదిరాజుల ముందు పాండవుల కథ విప్పినా, ఏ గడి దగ్గర ఆగాలో ఏ గడి తొందరగా దాటాలో బొమ్మ గీసినవాడు ముందే చూసి పెడతాడు. కోర్సు కూడా విప్పుకుంటూ పోయే పటమే. చుట్టినప్పుడు ఏమీ అర్థం కాదు.

రెండో పని నీళ్లది. నా లెక్కలో ఇదే మొదటి పని. చూడ్డానికి గోల్ఫ్ డిజైన్ అంటే అందం అనుకుంటాం. గీసేవాడి బుర్రలో మాత్రం సగం రోజు వాన కురుస్తూనే ఉంటుంది. జూలైలో మూడు రోజుల ముసురు పడితే ఆ నీరు ఎటు పోవాలి? మేలో నేల నెర్రెలు ఇచ్చేటప్పుడు నీరు ఎక్కడి నుంచి రావాలి? చెరువు కట్ట మీద నిలబడి ఏ మడికి ఎంత వాలు ఉందో కంటితోనే చెప్పే నీరటికాడు ఉంటాడు చూశారా, ఆ చూపు కావాలి. కోర్సులో అన్నిటికన్నా పల్లపు చోట గుంట తవ్వుతారు. ఆటగాడికి అది బంతి మింగే గండం. మాలీకి అది ఎండాకాలపు నీటి తొట్టి. ఆ గుంట తవ్విన మన్నే పక్కన దిబ్బలవుతుంది. చెరువు పూడిక తీసి కట్టకు పోసినట్టే. మా మేనల్లుడికి మురిపెంగా కనిపించిన ఆ ‘గుట్టలు’ చాలావరకు గుంటల మన్నే.

ఇక గ్రీన్. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

గ్రీన్ మీద గడ్డి ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అంత పొట్టిగా రోజూ కోయించుకుంటూ, వందల కాళ్ల తొక్కుడు పడుతూ గడ్డి బతకాలంటే కింద నేల మామూలుది అయితే కుదరదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ఒక పద్ధతి అచ్చువేసింది. కొద్ది మార్పులతో ఇప్పటికీ అదే నడుస్తోంది. ముందు నేలను గ్రీన్ ఆకారంలోనే పల్లంగా చెక్కుతారు. అందులో చేప ముల్లులాగా కాలువలు తీసి, చిల్లుల గొట్టాలు పరుస్తారు. వాటి మీద నాలుగు అంగుళాల కంకర. కంకర మీద పన్నెండు అంగుళాల ఇసుక, అందులో కొద్దిగా కుళ్లిన ఆకుల ఎరువులాంటిది. ఆపైన గడ్డి. కిటుకు కంకరకూ ఇసుకకూ మధ్య ఉంది. సన్న ఇసుక నీళ్లను స్పంజిలా పట్టి ఉంచుతుంది, కింద పెద్ద ఖాళీలున్న కంకరలోకి అంత తొందరగా వదలదు. ఇసుక పూర్తిగా నానాకే నీరు ఒక్కసారి కిందికి జారి గొట్టాల్లో పడుతుంది. ఎండలో దాహం తీరుస్తుంది, వానలో ముంపు తప్పిస్తుంది. రెండు పనులూ ఒక్క పొరతో.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది పటం గుడ్డ. ఖద్దరుకు బియ్యపు గంజి, తెల్ల సుద్ద, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి ఒకటికి మూడు పూతలు పూస్తారు. పూత పూతకూ ఆరబెడతారు. ఆ తర్వాతే ఎర్ర నేల రంగు, ఆ తర్వాతే ముఖాలు. కొనేవాళ్లు ముఖాలు చూస్తారు. ఇంటివాళ్లు గుడ్డను వేలితో మీటి చూస్తారు.

నేలను ఇంతగా చదివి, ఆ చదువును ఇంటిపేరుగా మార్చిన మనిషి రాబర్ట్ ట్రెంట్ జోన్స్. 1906లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే అమెరికా చేరాడు. గోల్ఫ్ కోర్సు గీయడం నేర్పే చదువు ఎక్కడా లేదు కాబట్టి కార్నెల్ విశ్వవిద్యాలయంలో తన చదువు తానే అల్లుకున్నాడు: కొంత తోటల రూపకల్పన, కొంత సర్వే, కొంత నీటి శాస్త్రం, కొంత పచ్చిక సాగు. 2000లో పోయేనాటికి ప్రపంచమంతా కలిపి సుమారు 500 కోర్సుల మీద ఆయన చేయి ఉంది. ఆయన సూత్రం తేలికగా చెప్పాలంటే ఇది: మామూలు ఆటగాడు ఒక దెబ్బ ఎక్కువ తీసుకుని క్షేమంగా చేరే దారి ఉండాలి, లెక్క ప్రకారం చేరాలనుకునే మొనగాడికి మాత్రం గుండె గుబగుబలాడాలి.

న్యూజెర్సీలో బాల్టుస్‌రోల్ అనే క్లబ్బు ఉంది. 1954 యుఎస్ ఓపెన్ కోసం అక్కడి నాలుగో హోల్‌ను జోన్స్ తిరగ్గీశాడు. నీటి మీదుగా ఒకే దెబ్బలో గ్రీన్ చేరాలి. ఇది మరీ అన్యాయమని సభ్యులు గొణిగారు. జోన్స్ వాళ్లను వెంటబెట్టుకుని ఆ టీ దగ్గరికి వెళ్లి, తానే ఒక దెబ్బ కొట్టాడు. బంతి నేరుగా గుంతలో పడింది. హోల్‌లో అన్యాయమేమీ లేదని చెప్పి నడుచుకుంటూ పోయాడట. గోల్ఫ్ లోకంలో ఈ కథ చెప్పని వాళ్లు లేరు. నాకు మాత్రం దాని తర్వాతి కథ ఇష్టం. ఆయనకు ఇద్దరు కొడుకులు. 1939లో పుట్టిన పెద్దవాడు రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్, 1941లో పుట్టిన చిన్నవాడు రీస్. ఇద్దరూ తండ్రి దగ్గరే పని నేర్చారు. 1970లలో ఇద్దరూ వేరుకుంపట్లు పెట్టుకున్నారు. అన్నదమ్ముల మధ్య పోటీ పొలం గెట్టు తగాదా లాగే ఏళ్ల తరబడి నడిచింది. పెద్ద కొడుకు చేయి మన దేశానికీ వచ్చింది: శ్రీనగర్‌లో దాల్ సరస్సు వైపున్న రాయల్ స్ప్రింగ్స్ కోర్సు ఆయన గీసిందే. చిన్న కొడుకు పాత కోర్సులను కొత్త పోటీలకు సరిచేసే పనిలో పేరు తెచ్చుకున్నాడు. ఆ బాల్టుస్‌రోల్‌ను 1993 యుఎస్ ఓపెన్‌కు ముందు సవరించింది రీసే.

డెట్రాయిట్ పక్కన ఓక్‌లాండ్ హిల్స్ కథ ఇంకా పదునైంది. దాన్ని మొదట గీసినాయన డొనాల్డ్ రాస్, 1918లో. 1951 యుఎస్ ఓపెన్‌కు తండ్రి జోన్స్ దాని పాత బంకర్లు పూడ్చి, బంతి పడే చోట కొత్తవి తవ్వించి, ఆటగాళ్లకు చుక్కలు చూపించాడు. గెలిచిన బెన్ హోగన్ దాన్ని రాక్షసి అన్నాడు. ఆ పేరు అంటుకుపోయింది. 2008 పోటీ కోసం చిన్నకొడుకు రీస్ తండ్రి గీతకు ఇంకాస్త పదును పెట్టాడు. ఆ తర్వాత గిల్ హాన్స్ అనే డిజైనర్ వచ్చి ఇద్దరి గీతలూ చెరిపి, రాస్ నాటి రూపానికి దగ్గరగా తీసుకుపోయాడు. 2021లో కోర్సు మళ్లీ తెరిచారు. తండ్రీకొడుకుల యాభై ఏడేళ్ల పని ఒకటి రెండేళ్లలో బుల్డోజర్ కిందికి పోయింది.

కోపం రావాలి కదా? నాకు రాలేదు. కథలు చెప్పేవాళ్ల పటం జీర్ణమైతే నదిలో నిమజ్జనం చేసి కొత్తది రాయించుకునే ఆచారం మనదే. పటం పోతుంది, పటం రాసే ఇల్లు మిగులుతుంది. జోన్స్ ఇంట్లో మిగిలింది కూడా ఫలానా బంకర్ కాదు. నేల చూడగానే నీరు ఎటు పోతుందో, మనిషి ఎటు కొట్టడానికి జంకుతాడో పసిగట్టే కన్ను. కాలేజీలో సర్వే నేర్పిస్తారు. ఈ కన్ను మాత్రం తండ్రి వెనక బురదలో నడిస్తేనే వస్తుంది. కుటుంబాలు ఈ వృత్తిని పట్టుకోవడానికి అసలు కారణం అదే అంటాను. రెండో కారణం లౌకికమైంది. కోర్సు కట్టడానికి ఏళ్లు పడుతుంది, పదిహేను ఇరవై ఏళ్లకు మళ్లీ మరమ్మతు కావాలి, అప్పటికి గొట్టాలు ఎక్కడ పాతారో తెలిసిన ఇల్లు ఉంటే క్లబ్బుకు నిమ్మళం. ఇంటిపేరుకు ధర పలుకుతుందన్నది ఎలాగూ ఉంది. ఆ ధర ఒక్కోసారి పనితనాన్ని మించిపోతుంది కూడా.

కుటుంబం అంటే తండ్రీ కొడుకులే కాదు. పీట్ డై, ఆలిస్ డై భార్యాభర్తలు. ఇద్దరూ ఇన్సూరెన్స్ అమ్మిన మనుషులు, ఇద్దరూ గట్టి ఆటగాళ్లు. ఫ్లోరిడాలో సాగ్రాస్ కోర్సు కడుతున్నప్పుడు 17వ హోల్ చోట మంచి ఇసుక దొరికింది. చిత్తడి నేలలో ఇసుక బంగారమే. తవ్వి తవ్వి మిగతా కోర్సుకు తోలుకున్నారు. చివరికి అక్కడ పెద్ద గొయ్యి మిగిలింది, హోల్ కట్టడానికి నేల లేదు. ఆ గొయ్యిని నీళ్లతో నింపి గ్రీన్‌ను మధ్యలో దీవిలా ఉంచుదామన్న ఆలోచన ఆలిస్‌ది. 1980లో కోర్సు తెరిచారు. ఈనాడు టీవీలో ఎక్కువమంది గుర్తుపట్టే గోల్ఫ్ హోల్ అదే. ఆడవాళ్లకు దగ్గరగా వేరే టీలు ఉండాలని పట్టుబట్టి సాధించింది కూడా ఆమే. చాలాకాలం పేరు మాత్రం పీట్‌దే ముందుండేది. మన దగ్గరా గుడ్డకు పూత పూసే చేతులు, రంగులు నింపే చేతులు సగం ఆడవాళ్లవే. పటం కింద సంతకం చూడండి.

మళ్లీ మన నేలకు వద్దాం. గోల్కొండ కోట ఒడిలో నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది. కుతుబ్ షాహీల తోటల ఆనవాళ్లు, హాతియాన్ కా ఝాడ్ అనే వందల ఏళ్ల బావోబాబ్ చెట్టు ఉన్న చోట ఆటస్థలం ఏమిటన్న వాదన చాలాకాలంగా ఉంది. నీటి వాదన ఇంకా పెద్దది. ఎండాకాలం ఒక కోర్సు రోజుకు లక్షల లీటర్లు తాగుతుంది. బోరు కోసం అప్పులు చేసిన జిల్లా మనది; ఆ లెక్క వింటే కడుపు మండడం సహజం. శుద్ధి చేసిన మురుగునీరు వాడటం, గడ్డి పెంచే జాగాను తగ్గించి మిగతాది ఆ నేలలో పుట్టే పొదలకే వదలడం... గీసేవాడు మొదటి రోజే తేల్చుకోవలసిన పనులు ఇవి. రాళ్లను పేల్చి చదును చేస్తే ఎక్కడైనా ఉండే కోర్సు వస్తుంది. రాళ్లను రాళ్లుగా ఉంచి వాటి మధ్య దారి వెతికితే దక్కన్ కోర్సు వస్తుంది. గచ్చిబౌలిది పేరులోనే బండరాళ్లను ఉంచుకుంది.

ఇదంతా విని మేనల్లుడు, “గట్లయితే నా పనేంది మామా, వాళ్లు గీసిరి, నేను కోస్తున్న,” అన్నాడు.

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. గ్రీన్ అంచు దగ్గర మిషను తిప్పేటప్పుడు కోసేవాడు రోజూ వేలెడంత లోపలికి తిప్పితే, కొన్నేళ్లకు గ్రీన్ చుట్టూరా కుంచించుకుపోతుంది. మూలలు పోయి గుండ్రంగా మిగులుతుంది. పాత కోర్సులను బాగుచేసే వాళ్లు పాత ఫోటోలు పెట్టుకుని వెతికేది ఈ పోయిన అంచుల కోసమే. ఎవరూ చెరపకుండానే గీత చెరిగిపోయే దారి అది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వాడు హైదరాబాద్ వెళ్లాడు. ఆ మర్నాడు గ్రీన్లు తెల్లవారకముందే కోయాలి, ఆరింటికల్లా ఆటగాళ్లు వస్తారు.